పాడె బంగ్లా బేరం

ఇళ్లు అమ్మిపెట్టే పనిలో ఉన్నన్నాళ్లూ నాదొక నియమం. కొనేవాళ్లు చూడ్డానికి వచ్చే ముందు దండ వేసిన ఫొటోలన్నీ గోడల మీంచి దిగిపోవాలి. ఎప్పుడో పోయిన తాతగారైనా, నిన్నగాక మొన్న పోయినవారైనా బీరువాలోకి వెళ్లాల్సిందే. వచ్చినవాళ్లు తమ సోఫా ఎక్కడ వేసుకోవాలో ఊహించుకోవాలి గానీ ఈ ఇంట్లో ఎవరెవరు పోయారో ఆరా తీస్తూ కూర్చోకూడదు. ఇదేదో నేనే కనిపెట్టిన రహస్యంలాగా ఆఫీసులో చేరిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నాను కాబట్టి, ఆ నియమానికి ఏ గతి పట్టిందో కూడా చెప్పాలి కదా. ఈ లైనులోకి కొత్తగా దిగిన మీకోసమే రాస్తున్నాను. మీరు నాకంటే తెలివైనవాళ్లు, కూర్చున్నచోటు నుంచే ఫోన్లో ఇల్లంతా తిప్పి చూపించేస్తారు. అయినా ఓపిక చేసుకుని చదవండి.

మా ఆఫీసు ఫిల్మ్ నగర్ నుంచి కిందికి దిగే దారిలో, ఒక టిఫిన్ సెంటర్ పక్కన ఉండేది. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. మా పార్ట్‌నర్‌ది గోదావరి వైపు. నేను నోటితో అమ్మేవాణ్ణి, ఆయన కాగితాలతో అమ్మేవాడు. నా నోరు తెచ్చిన చిక్కుల్ని ఆయన కాగితాలు విడదీస్తుండేవి. అందుకే ఇరవై ఏళ్లు కలిసి ఉండగలిగాం.

నేను చెప్పబోయేది పని మానేయడానికి ముందటి ఏడాది సంగతి. బేరాలు చచ్చుబడిపోయిన ఏడాది అది. డబ్బున్నవాళ్లంతా పడమటి వైపు లేచిన టవర్లకు ఎగబడుతున్నారు. ముప్పయ్యో అంతస్తు, కింద ఈతకొలను, గేటు దగ్గర సెల్యూట్ కావాలి అందరికీ. మా వైపు పాత ఇళ్ల గేట్లకు కట్టిన అమ్మకం బోర్డులు ఎండకు వెలిసి, వాటి మీద ఫోన్ నంబర్లు కూడా కనబడేవి కావు. వచ్చినవాళ్లు చూసేవారు, కాఫీ తాగేవారు, ఇంట్లో మాట్లాడి చెప్తామని వెళ్లేవారు. వాళ్ల ఇంట్లో మాటలు ఎప్పటికీ తెమిలేవి కావు.

అలాంటి ఎండాకాలంలో ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. సినిమాలకూ సీరియళ్లకూ బట్టలు కుట్టించి ఇచ్చే మేడం ఆవిడ. యాభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. యూసుఫ్‌గూడలో ఆవిడకొక వర్క్‌షాప్ ఉంది. పన్నెండు మంది టైలర్లు, మగ్గం పనివాళ్లు అక్కడ పనిచేస్తారు. ఆ బిల్డింగ్ కిరాయిది. దాని ఓనరు అమ్మేస్తానంటున్నాడు.

"దసరా దాకా టైమిచ్చాడు అన్నయ్యగారూ. మొదటి హక్కు నాదేనన్నాడు. దసరా దాటితే ఇంకో పార్టీకి ఇచ్చేస్తాడు."

"వేరే జాగ కిరాయికి చూసుకోరాదమ్మా?" అన్నాను.

"ఒకసారి చూసుకున్నాను. అప్పుడు మారినప్పుడు సగం మంది పోయారు. మా వాళ్లంతా ఆ గల్లీల్లోనే ఉంటారు, నడిచి వస్తారు. ఆడవాళ్లు మధ్యాహ్నం ఇంటికెళ్లి పిల్లలకు అన్నం పెట్టి మళ్లీ వస్తారు. దూరంగా పెడితే రాలేరు. వాళ్లు లేకపోతే నేను టేపు మెళ్లో వేసుకుని ఏం చెయ్యను? ఇల్లు అమ్మేసి ఆ బిల్డింగ్ కొనుక్కుంటాను. పైన రెండు గదులున్నాయి, నాకు చాలు."

ఏడుస్తుందేమోనని మా పార్ట్‌నర్ మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. ఆవిడ ఏడవలేదు. నీళ్లు తాగి, ఇంటి కాగితాల సంచీ బల్ల మీద పెట్టింది.

ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, బండల మధ్య వాలు మీద ఉంది. ఆవిడ భర్త సినిమాలకు సెట్లు వేసే ఆర్ట్ డైరెక్టర్. ఆ ఇల్లు కూడా సెట్టు వేసినట్టే కట్టుకున్నాడు. పొడుగాటి హాలు, తెల్లటి పాలరాయి, రెండు వైపుల నుంచీ వంపు తిరిగి కిందికి దిగే మెట్లు. ఆయన పోయి నాలుగేళ్లయింది. హాల్లో ఎదురుగోడకు ఆయన ఫొటో, దానికి గంధపు చెక్కల దండ. నేను చూసిన మొదటిరోజే నా నియమం ప్రకారం ఆ ఫొటో తీసేయమన్నాను. ఆవిడ ఒక నిమిషం నా వైపు చూసి, కుర్చీ వేసుకుని ఎక్కి తీసింది. బీరువాలో చీరల మధ్య పెట్టింది. ఆ తర్వాత ఎవరైనా చూడ్డానికి వస్తున్నారని నేను ఫోన్ చేస్తే చాలు, ఆవిడ చేసే మొదటి పని అదే. వాళ్లు వెళ్లాక మళ్లీ తగిలించేది.

ఇక నా తెలివితేటల సంగతి చెప్తాను. ఆ ఇల్లు షూటింగులకు కిరాయికి ఇచ్చేవారు. ఎన్నో సీరియళ్లలో ఆ హాలు కనబడింది. ఇంకేం కావాలి, నేను ఫోన్ పట్టుకుని గేటు నుంచి మెట్ల దాకా వీడియో తీశాను. 'మీరు రోజూ టీవీలో చూసే బంగళా ఇప్పుడు మీ సొంతం' అని నా గొంతుతోనే చెప్పి, ఉన్న గ్రూపులన్నిట్లో వదిలాను. ఒక్క వారంలో ఫోన్లే ఫోన్లు. అన్నం తింటుంటే కూడా మోగేది. మా పార్ట్‌నర్ ముందు కాలరెగరేసి పగలబడి నవ్వాను.

మొదట వచ్చిన నలుగురైదుగురు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత నిజంగా కొనే తాహతున్న దంపతులు వచ్చారు. భార్య గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఏమండీ, ఆ ఇల్లే! ఇక్కడే కదా మామగారిని పడుకోబెట్టింది!"

భర్తకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది. ఆవిడ చూపు మెట్ల మొదట్లో ఉన్న పాలరాయి మీద ఉంది. ఇద్దరూ మంచినీళ్లు కూడా ముట్టకుండా కారెక్కారు.

వాళ్లు వెళ్లాక మేడంను అడిగాను. ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. ఆ హాలు శవం సీన్లకు పెట్టింది పేరట. పై వరండాలో కెమెరా పెట్టి కిందికి చూస్తే తెల్లటి రాయి మీద తెల్లబట్ట, రెండు మెట్ల వరసల మీదా ఏడుస్తున్న బంధువులు, అంతా ఒక్క ఫ్రేములో పట్టేస్తుందట. ప్రొడక్షన్ మేనేజర్లు స్క్రిప్టులో ఎవరైనా పోయారంటే చాలు, వేరే ఇల్లు వెతక్కుండా ఆవిడకే ఫోన్ చేసేవారట. మామగార్లు, అత్తగార్లు, పెద్దకొడుకులు, రెండో కోడళ్లు, రాష్ట్రంలో సగం సీరియళ్ల చావులు ఆ మెట్ల కిందే జరిగాయి. నేనేమో గొంతు పెంచి మరీ ఆ ఇల్లు ఇదేనని ఊరంతా చాటాను.

"మీ వీడియోను ఊరంతా చూసిందండీ. ఇక కొనేవాడు పరలోకం నుంచి రావాలి," అన్నాడు మా పార్ట్‌నర్. పక్కవీధి బ్రోకర్లు దానికి 'పాడె బంగ్లా' అని పేరు పెట్టారు. టీ తాగడానికి వెళ్తే, "ఏమన్నా, పాడె లేచిందా?" అని పలకరించేవారు. వాళ్ల నోళ్లు మూయించాలంటే ఇల్లు అమ్మడం తప్ప వేరే దారి లేదు. నాకు పంతం వచ్చింది.

వీడియో తీసేశాను. కానీ ఎన్ని ఫోన్లలోకి పోయిందో దాన్ని ఎవరు వెనక్కి తెస్తారు? హాలుకు రంగు మార్పించాం. పాలరాయి మీద పెద్ద కార్పెట్ పరిపించాను. మెట్ల కింద ఎర్ర సోఫా వేయించాను. అయినా వచ్చిన ఆడవాళ్లు మెట్లు చూసి గుర్తుపట్టేసేవారు. ఒకాయన అయితే కార్పెట్ అంచు కాలితో ఎత్తి చూసి, "దీనికిందేనా?" అన్నాడు. నేను ఏదో మూటగట్టి దాచినట్టు అడిగాడు.

ఒక బిల్డర్ వచ్చాడు. ఇల్లు కూలగొట్టి ఫ్లాట్లు కడతానని, రెండేళ్ల తర్వాత ఆవిడకు రెండు ఫ్లాట్లు ఇస్తానని అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ సెల్‌ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఆవిడ మర్యాదగా టీ ఇచ్చి, "దసరాకు ఫ్లాట్ ఇవ్వగలరాండీ?" అని అడిగింది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాయి. యూసుఫ్‌గూడ బిల్డింగ్ ఓనరు వేరే పార్టీని తెచ్చి కొలతలు వేయించాడని ఆవిడ చెప్పింది. గొంతులో కంగారు లేదు గానీ, టేపును వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. నేను ధైర్యం చెప్పాను. "ఫికర్ చెయ్యకమ్మా. నేనున్న గద," అన్నాను. నేనుండే కదా ఇంతదాకా వచ్చింది అని ఆవిడ అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పుడే నేను చేయకూడని పని చేశాను. ఒక డాక్టర్ల జంట వచ్చింది. వాళ్లు సీరియళ్లు చూడరు, రోగులను చూసేసరికే పొద్దు గడిచిపోతుంది. హాలు నచ్చింది, వెనక బండరాయి మీద మొలిచిన సీతాఫలం చెట్టు కూడా నచ్చింది. పోతూ పోతూ భార్య అడిగింది, ఈ ఇంటాయన ఎక్కడ పోయారని. నేను రెప్ప వేయకుండా, "హాస్పిటల్లో మేడం," అన్నాను. ఆయన పోయింది పై గదిలో, బొమ్మ గీసుకుంటూ గీసుకుంటూ బల్ల మీద తల వాల్చేశాడు. ఆ సంగతి నాకు తెలుసు, పక్కింటి వాచ్‌మన్‌కూ తెలుసు. డాక్టరుగారు కారు తీస్తూ వాచ్‌మన్‌తో మాట కలిపాడు. పావుగంటలో నాకు ఫోన్ వచ్చింది.

"మనిషి ఇంట్లో పోవడం మాకు పెద్ద విషయం కాదండీ. రోజూ చూస్తాం. మీరు అబద్ధం చెప్పారు. ఈ ఒక్కదాంట్లోనే చెప్పారా, కాగితాల్లో కూడా చెప్పారా అని ఇప్పుడు నేను ఎవర్ని అడగాలి?"

మా పార్ట్‌నర్ ఇరవై ఏళ్లలో ఒకే ఒక్కసారి నా మీద కోప్పడ్డాడు, అది ఆ రోజే. "నా కాగితాలకు మచ్చ తెచ్చారండీ," అన్నాడు. ఫైలు మూసేశాడు.

సంగతి మేడం దాకా పోయింది. నేను వెళ్లేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"మా ఆయన్ని హాస్పిటల్‌కి పంపించారటగా?"

నేను తల వంచుకున్నాను.

"మీరు చెప్పారని ఆయన్ని చీరల మధ్య దాచాను అన్నయ్యగారూ. దాచిన ప్రతిసారీ ఆయనకు చెప్పుకునేదాన్ని, కాసేపే, వాళ్లు వెళ్లిపోగానే తీస్తానని. ఈ హాల్లో ఉత్తుత్తి చావులన్నిటినీ మీరు ఊరంతా చాటింపు వేశారు. నిజంగా పోయిన ఒక్క మనిషిని మాత్రం దాచేశారు. ఇల్లు అమ్ముడుపోతే పోతుంది, లేకపోతే లేదు. ఇక ఆ ఫొటో తీయను."

అంత గట్టిగా నన్ను ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. ఆవిడ వాడింది ఒక్క చెడ్డమాట కూడా లేదు. నాకు సిగ్గేసింది.  మర్నాడు పొద్దున్నే లేచి, ఈ బేరం మానుకుందామా అని ఒకసారి అనుకున్నాను. మానుకుంటే నష్టపోయేది నేను కాదు, ఆ పన్నెండు మంది. దసరా ఇంకో నెల ఉంది. పాత పుస్తకం తీసి, ఇండిపెండెంట్ ఇల్లు కావాలని ఎప్పుడో అడిగి వదిలేసినవాళ్ల నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఈసారి ప్రతివాళ్లకూ ముందే చెప్పాను, ఇది షూటింగుల ఇల్లని, ఇంటాయన ఇంట్లోనే పోయాడని. చాలామంది అక్కడే ఫోన్ పెట్టేశారు. మా పార్ట్‌నర్ అది వింటూ, మూసేసిన ఫైలు మళ్లీ తెరిచి కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు వెంగళరావు నగర్ నుంచి ఒకాయన వస్తానన్నాడు. హార్డ్‌వేర్ షాపుంది. తల్లి మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు నుంచి దిగలేకపోతోంది, ఎక్కడానికి లిఫ్టు లేదు. కింద పడకగది ఉన్న ఇల్లు కావాలి. టవర్లు ఆవిడకు ఇష్టం లేవు. కిటికీలోంచి చూస్తే మనుషుల నెత్తులు కనబడాలె గానీ మబ్బులు కాదు అంటుందట. నేను మామూలుగా చెప్పాల్సినవి చెప్పాను. ఆయన నవ్వి, "అమ్మకు మాత్రం చెప్పకన్నా. జర చూసినంక చెప్దాం," అన్నాడు.

వాళ్లు ఆదివారం పొద్దున వచ్చారు. మేడం గోడ మీద ఫొటో తీయలేదు. పైగా ఆ రోజు గంధపు దండ మీద తాజా చామంతుల దండ కూడా వేసింది. కార్పెట్ చుట్టి మూలన పెట్టేసింది. 

పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని గడప దాటింది. డెబ్బై పైన ఉంటుంది వయసు, చురుకైన కళ్లు. హాలు మధ్యలోకి వచ్చింది. మెట్ల వైపు చూసింది. అంతే, కొడుకు చెయ్యి వదిలేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గీడనే గదరా! గీడనే గద ఆ పిల్లను పండవెట్టిండ్రు!"

"అమ్మా, అది సీరియలే గదనే," అన్నాడు కొడుకు.

"నాకెర్క లేదా సీరియలని? రెండు దినాలు బువ్వ తినలే నేను. ఎంత మంచి పిల్ల! గా అత్త పెట్టిన గోసకు ఉన్న పానం పాయె." ఆవిడ మొదటి మెట్టు మీద కూలబడి నిజంగానే ఏడ్చింది.

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఇన్నాళ్లూ నేను అందరూ అపశకునమనే భయపడుతున్నారనుకున్నాను. ఈవిడకు భయం కాదు, దిగులు. నాలుగేళ్లు రోజూ సాయంత్రం ఇంట్లోకి వచ్చిన పిల్లను అక్కడ చాపమీద చూసింది. దిగులుకు రంగు మార్చి ఏం లాభం, కార్పెట్ పరిచి ఏం లాభం? ఇక ఈ బేరం కూడా పోయిందనుకున్నాను.

మేడం మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పెద్దావిడ పక్కన అదే మెట్టు మీద కూర్చుంది.

"ఆ రోజు ఆ అమ్మాయికి చీర కట్టింది నేనేనమ్మా. ఒక మాట చెప్తాను వింటారా? మా ఫీల్డులో ఒక పద్ధతుంది. శవంగా పడుకున్నవాళ్లు షాట్ అవగానే ఊరికే లేచి వెళ్లిపోకూడదు. మెళ్లో దండ తీసేసి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీస్తారు. అది తీస్తే గానీ ప్యాకప్ చెప్పరు. తర్వాత దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు."

పెద్దావిడ కొంగు దించింది. "నవ్విందా?"

"నవ్వకపోవడమేంటమ్మా! ఒకటే నవ్వు. ముక్కులో దూది పెట్టారుగా, చక్కిలిగింతలు పెట్టినట్టుందట. తుమ్మి తుమ్మి నవ్వింది. తర్వాత ఇదే మెట్టు మీద కూర్చుని రెండు ప్లేట్ల ఉప్మా తింది."

"గా నవ్వు మాకెందుకు సూపియ్యరు మరి?" అని పెద్దావిడ గట్టిగా అడిగింది. "ఏడ్పు సూపిస్తరు, నవ్వు మీరే దాస్కుంటరా? గిదేం పద్ధతి?"

 మేడం ఫోన్ తీసి ఆ అమ్మాయికే వీడియో కాల్ చేసింది. ఆ అమ్మాయి ఆ పూట వాలు కింది స్టూడియోలోనే ఉంది. జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని, మొహానికి సగం మేకప్‌తో తెర మీదికి వచ్చింది.

"అమ్మమ్మా, నేను బతికే ఉన్నానండీ! చూడండి, ఎంత లావయ్యానో!"

పెద్దావిడ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "బిడ్డా, మంచిగున్నవా? తిన్నవా? మల్ల గట్ల సావకు బిడ్డా. ఎవరన్న సావమంటె నాకు రానని చెప్పు."

"ఇక చావనమ్మమ్మా. ఇప్పుడు వేరే సీరియల్లో నేనే అత్తను. నేనే అందర్నీ ఏడిపిస్తున్నా."

పెద్దావిడ నవ్వింది. కొడుకు నవ్వాడు. నేను కూడా నవ్వాను, కానీ నా నవ్వు పూర్తవలేదు. కళ్లు తుడుచుకుంటూ పెద్దావిడ ఎదురుగోడ వైపు చూసింది.

"గా ఫోటో ఎవరిది బిడ్డా? అది గూడ సీరియల్దేనా? ఈయన గూడ లేచి నవ్విండా?"

 నా నోరు నాకు తెలుసు, అది తెరుచుకోకుండా పళ్లు బిగించాను.

"కాదమ్మా," అంది మేడం. "ఆయన మా ఆయన. పై గదిలో పోయారు. నేను కాఫీ తీసుకుని వెళ్లేసరికి బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకుని కాఫీ మూత పెట్టి వచ్చేశాను." ఫొటో వైపు తిరిగింది. "ఈయన లేచి నవ్వలేదమ్మా."

పెద్దావిడ మేడం చేతిని తన ఒడిలోకి తీసుకుంది. ఇద్దరూ అలాగే మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. నేనూ కొడుకూ ఎక్కడ చూడాలో తెలియక కిటికీలోంచి సీతాఫలం చెట్టు చూశాం. తర్వాత పెద్దావిడ కొడుకు సాయం లేకుండానే లేచి, ఫొటో ముందుకు వెళ్లి దండం పెట్టింది.

"మా ఇంటాయన గూడ ఇంట్లనే పోయిండు. ఆ ఇంట్లనే పదేండ్ల సంది ఉంటున్న. నాకేమైంది? మంచిగనే ఉన్న," అంది. కొడుకు వైపు తిరిగి, "గా కింది అర్ర సూపియ్యిరా. నా మంచం పడ్తదో లేదో సూస్త," అంది.

కింది గదిలో మంచం సరిగ్గా సరిపోయింది. అయినా బేరం ఆ రోజే అయిపోయిందని అనుకోకండి. మర్నాడు కోడలు వచ్చింది. పెద్దావిడే ముందుండి, "గీడనే పండవెట్టిండ్రు, గీడనే లేచి నవ్వింది, గీ మెట్టు మీదనే ఉప్మా తిన్నది," అని ఇల్లంతా చూపించింది. నాకు పనే లేకుండా పోయింది. ధర దగ్గర కొడుకు బిగుసుకున్నాడు. షూటింగు ఇల్లు, పైగా మనిషి పోయిన ఇల్లు, తగ్గించమన్నాడు. మేడం తగ్గించలేదు. ఇంత వస్తేనే ఆ బిల్డింగ్ వస్తుంది, ఒక్క రూపాయి తగ్గినా రాదు అని ఉన్నమాట చెప్పేసింది. బేరంలో మన అవసరం ఎదుటివాడికి చెప్పకూడదని నేను మీకందరికీ నేర్పిన పాఠం. ఆవిడ చెప్పింది. ఆయన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

మిగిలింది మా పార్ట్‌నర్ పని. పాత దస్తావేజులు, పన్ను రసీదులు, అన్నీ వరసలో పెట్టాడు. రిజిస్ట్రేషన్ దసరాకు మూడు రోజుల ముందు కుదిరింది. ఇల్లు పెద్దావిడ పేరున. అక్కడ వేలిముద్ర మిషన్ ఆవిడ వేలు తీసుకోలేదు. బొటనవేలు పెడితే లేదంది, చూపుడువేలు పెడితే లేదంది. అరవై ఏళ్లు అంట్లు తోమిన, పిండి విసిరిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. రేపట్నుంచి సెలవులు, పండగ అయ్యాక రమ్మందామా అన్నాడు గుమాస్తా. పండగ దాటితే బిల్డింగ్ పోయినట్టే. పెద్దావిడ అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, ఉఫ్ అని ఊది, "మల్ల వెట్టు," అంది. మేడం తన కొంగుతో ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది. తొమ్మిదోసారికో పదోసారికో ఎడమచేతి ఉంగరపు వేలిని మిషన్ ఒప్పుకుంది. మా పార్ట్‌నర్ లేచి చప్పట్లు కొట్టాడు. అంత పద్ధతైన మనిషి అలా చేస్తాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

మేడం అన్నం కూడా తినలేదు. "అన్నయ్యగారూ, యూసుఫ్‌గూడ పోనివ్వండి," అంది. ముందు బిల్డింగ్ ఓనరు దగ్గరకు వెళ్లాం. ఇంకో పార్టీ ఆయన వరండాలో కూర్చునే ఉంది. మేడం చెక్కు ఇచ్చింది, అగ్రిమెంటు మీద సంతకాలు అయ్యాయి. తర్వాత గల్లీలో నడిచి వర్క్‌షాప్‌కు వెళ్లాం.

లోపలికి అడుగుపెట్టి ఇద్దరం ఆగిపోయాం. మిషన్ల మోటార్లు విప్పేసి గోడవారన పెట్టి ఉన్నాయి. మగ్గాల మీది చీరలు సగం పనిలో విప్పి చుట్టేశారు, చట్రాలు తాళ్లతో కట్టి ఉన్నాయి. పన్నెండు మందీ మూటల మధ్య నేలమీద కూర్చుని ఉన్నారు. కటింగ్ మాస్టర్ లేచి నిలబడ్డాడు.

"దసరా వచ్చేసిందని విప్పినం మేడం. ట్రాలీ ఆటో గూడ మాట్లాడిన. యాడికి పోవాల్నో మీరు చెప్తే..."

 మొదటి నుంచీ నేను చూస్తున్నాను కదా, ఎండాకాలంలో రాలేదు, డాక్టర్లు పోయిన రోజు రాలేదు, సంతకం పెట్టినప్పుడూ రాలేదు, మేడం కళ్లల్లో నీళ్లు అప్పుడొచ్చాయి.

"బిగించండి మాస్టారూ. అన్నీ మళ్లీ బిగించండి."

"ఎన్ని దినాలకు మేడం?" అన్నాడాయన. ఇన్నేళ్లూ కిరాయి బతుకులో అలవాటైన ప్రశ్న అది.

"దినాలు కాదు మాస్టారూ. ఇది మనది. ఇక మనల్ని ఎవరూ లెమ్మనరు."

 ఆయన మెల్లగా కిందికి వంగి, మొదటి మోటారు ఎత్తుకున్నాడు. బరువుగా ఉంది. నాకు ఆ పని రాదు, అయినా చొక్కా చేతులు మడిచి, రెండోవైపు పట్టుకున్నాను.